కుడి పక్కకు కొట్టిన ప్రవీణ

ప్రవీణది ఉప్పల్ పాత ఊరు. నాచారంలో ఒక మందుల కంపెనీలో మాత్రల ప్యాకింగ్ దగ్గర పని. వారమంతా నీలం టోపీ పెట్టుకుని స్ట్రిప్పులు సరిచూస్తుంది. ఆదివారం మాత్రం పొద్దున ఆరింటికల్లా భుజాన బ్యాటుతో గ్రౌండ్‌లో ఉంటుంది. తొమ్మిదో తరగతిలో మొదలైన సాఫ్ట్‌బాల్‌ను పెళ్లి కూడా మాన్పించలేకపోయింది. "ఇరవై ఏడేండ్లొచ్చినంక నీకు ఆటలేంది?" అని అత్త అడిగితే, "నీ కొడుకు ముప్పై రెండేండ్లకు క్రికెట్ ఆడ్తలేడా అత్తమ్మా?" అని తిరిగి అడిగిన మనిషి.

టీమ్ కోచ్ గిరిప్రసాద్‌ది ఒకటే పాఠం. బంతి ఎటు వచ్చినా ఎడమ పక్కకే లాగి కొట్టాలి. అటు గోడ దగ్గరగా ఉంది, గట్టిగా తగిలితే బంతి దాటిపోతుంది. పొడుగ్గా, బలంగా ఉన్న పిల్లలకు ఆ పాఠం పనికొచ్చింది. ప్రవీణ పొట్టి మనిషి. తనకు దూరంగా వచ్చిన బంతిని ఎడమకు లాగితే అది నేల మీద దొర్లుకుంటూ నేరుగా ఫీల్డర్ చేతిలోకి పోయేది. అందుకే దగ్గరగా వచ్చినదాన్ని ఎడమకు, నడుమ వచ్చినదాన్ని ఎదురుగా, దూరంగా వచ్చినదాన్ని రెప్పపాటు ఆగి కుడికి కొట్టడం మొదలుపెట్టింది.

"గిదేం కొట్టుడు? భయపడి తోసినట్టున్నది," అన్నాడు కోచ్.

"తోస్తలేను సార్. కొడ్తున్న."

ఆ జవాబుకు రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చోబెట్టాడు. ఆమె ఒక్క ఆదివారం కూడా మానలేదు.

పోయిన ఫిబ్రవరిలో ఘట్‌కేసర్ కాలేజీ జట్టుతో ఫైనల్ పడింది. వీళ్లంతా ఎడమకే కొడతారని అవతలి జట్టులో బంతి వేసే పిచర్ తొందరగానే పసిగట్టింది. ప్రతి బంతీ బ్యాటర్‌కు దూరంగా వేసింది. ఫీల్డర్లు కూడా ఎడమ పక్కకు జరిగారు. లాగి కొట్టినవాళ్లు లాగి కొట్టినట్టే అవుటయ్యారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానం. సగం చుట్టు పూర్తిచేసి రెండో బేస్ మీద తమ జట్టు గౌతమి ఉంది, మిగతా సగం చుట్టొస్తే ఒక రన్, గెలుపు. తర్వాత ఆడాల్సిన అమ్మాయికి కాలు మడతపడింది. వేరే దిక్కు లేక కోచ్ ప్రవీణను పంపాడు.

"ఎడమకు లాగు! లాగు!" అని కోచ్ గ్రౌండ్ గీతకు అవతలి నుంచి అరుస్తూనే ఉన్నాడు.

కుడి పక్క దూరంగా ఒక్క ఫీల్డర్ తప్ప అంతా ఖాళీ. మొదటి బంతిని వదిలేసింది. రెండోది తను కోరుకున్న చోటికే వచ్చింది. ఒక క్షణం ఆగి కుడికి కొట్టింది. ఆ ఫీల్డర్ పరుగెత్తి అందుకునేలోగా గౌతమి చుట్టొచ్చేసింది.

గెలిచిన జట్టు ఎగురుతుంటే కోచ్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "గెలిస్తే ఏంది? నా మాట కాదన్నవ్. అందరి ముందట సారీ చెప్పు."

"రన్ తెచ్చినందుకు సారీనా? చెప్ప."

"అయితే రేపటి సంది రాకు."

"టీమ్‌ల రాను సార్. గ్రౌండ్‌కు వస్తా. అది మీ ఇంటి వాకిలి గాదు గదా."

అన్నట్టే తర్వాతి ఆదివారం గ్రౌండ్‌కు వచ్చింది. ఓ మూలన గౌతమి బంతులు వేస్తే ప్రవీణ కొట్టింది. మరుసటి వారం టీమ్‌లోని ఇద్దరు కలిశారు, ఆపై వారం ముగ్గురు. నెల తిరిగేసరికి కోచ్ దగ్గర జట్టుకు సరిపడా మనుషులు మిగల్లేదు. చివరికి ఆయనే కాగితం పట్టుకుని ఈ మూలకు నడిచొచ్చాడు.

"జిల్లా పోటీలున్నయ్. నీ పేరు రాస్తున్న. నీ తీరుగ నువ్వు కొట్టుకో."

"నాకొక్కదానికే అయితే వద్దు సార్. వీళ్లు గూడ బాల్ ఎటొస్తే అటు కొడ్తరు."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "బ్యాటింగ్‌ల నువ్వు ఆఖరు," అన్నాడు కోపంగా, పేర్లు రాసుకుంటూ.

"ఆఖర్నే దిగుత," అంది ప్రవీణ, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ. "వెయ్యి గౌతమీ, బాల్."