దేవదానం మాస్టారి బ్యాండులో గిటారు మోగిన పెళ్లి

1966 వేసవి. బుచ్చిరెడ్డిపాలెంలో నాకు మైకుసెట్ల దుకాణం ఉండేది. రేడియోలు బాగుచేయడం, పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ మైకులు అద్దెకివ్వడం నా పని. సముద్రం ఒడ్డు ఊళ్లలో చాలాచోట్ల అప్పటికి కరెంటు లేదు. అక్కడికి పోవాలంటే బ్యాటరీతో నడిచే యాంప్లిఫయర్‌ను, అంటే చిన్న శబ్దాన్ని పెద్దది చేసే పెట్టెను, ఎద్దులబండి మీద కట్టుకుని ఊరేగింపు వెంట నడిచేవాణ్ణి.

మా చుట్టుపక్కల పెళ్లంటే దేవదానం మాస్టారి బ్యాండే. ఎర్రకోట్లు, క్లారినెట్, కార్నెట్ బాకా, డ్రమ్ములు. మాస్టారు చర్చిలో హార్మోనియం మీద సంగీతం నేర్చుకున్నవాడు, యాభై దాటిన మనిషి. ఆయన క్లారినెట్ ఎత్తితే ఆడపిల్ల తల్లులు కళ్లు తుడుచుకునేవాళ్లు. అలాంటి ఆయన ఒకరోజు మద్రాసులో పాత గిటారు కొనుక్కుని, బస్సు దిగి నేరుగా నా దుకాణానికి వచ్చాడు.

"ఇది బ్యాండుతో సమానంగా మోగాల. ఏం చేస్తావో చెయ్యి వెంకయ్యా," అన్నాడు.

"ఈ వయసులో మీకిదేంది మాస్టారూ?"

"మద్రాసు హోటల్లో కుర్రోళ్లు వాయిస్తుంటే విన్నా. ఆ పొద్దు నుంచి నిద్ర పట్టలా. పాత పాటలు వాయించీ వాయించీ నా వేళ్లు మొద్దుబారినాయి అబ్బయ్యా."

తీగల కింద పికప్ బిగించాను. అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన ముక్క అది. పైన తీగ అదిరితే ఆ అదురును కరెంటుగా మార్చి యాంప్లిఫయర్‌కు పంపుతుంది. ఆ వేసవంతా మాస్టారు నా దుకాణం వెనకగదిలో సాధన చేశాడు. తప్పు తీగ మీటినప్పుడల్లా చిన్నపిల్లవాడిలా నవ్వేవాడు.

కొత్త చప్పుడుతో మొదటి పెళ్లి జువ్వలదిన్నెలో కుదిరింది. పడవల కోటయ్య కూతురి పెళ్లి. సైడ్ డ్రమ్ వాయించే మస్తాను మొదటి నుంచీ మాస్టారికి కుడిభుజం. బయలుదేరేటప్పుడు అతను గిటారు వైపు చూసి ముఖం ముడుచుకుని, "నీ మాట తీసెయ్యలేక వస్తుండా అన్నా. ఈ పెళ్లి కాంగానే నీ దారి నీది, నా దారి నాది," అన్నాడు. మాస్టారు దారి పొడుగునా గిటారును ఒళ్లో పెట్టుకుని ఇసుకదిబ్బల వైపు చూస్తూ కూర్చున్నాడు.

పెళ్లికొడుకూ ఆ ఊరివాడే. సాయంత్రం పిల్లను అత్తారింటికి సాగనంపే ఊరేగింపు మొదలైంది. మాస్టారు మొదటి తీగ మీటగానే బండి మీది హారన్, అంటే గరాటులాంటి స్పీకరు, కూత పెట్టింది. దాన్ని మేము ఫీడ్‌బ్యాక్ అంటాం. హారన్‌లోంచి వచ్చిన మోత గిటారు డొల్లను అదిరించి, మళ్లీ హారన్‌లోకే చేరితే పుట్టే కూత అది. ఎద్దులు బెదిరాయి, పిల్లలు కేరింతలు కొట్టారు. నేను హారన్‌ను ముందుకు తిప్పి కట్టాను.

ఆ తర్వాత గిటారు నిజంగా మోగింది. కుర్రవాళ్లు చొక్కాలు విప్పి ఎగిరారు. పెద్దవాళ్లు ముఖాలు చిట్లించారు. "ఇది బ్యాండా, ఇంజను పడవా?" అని ఎవరో అరిచారు. అంతలో పెళ్లికూతురి అవ్వ పోలమ్మ చెయ్యెత్తి బండికి అడ్డం నిలబడింది.

"ఆపండయ్యా! మనవరాల్ని పంపిస్తా కరువుదీరా ఏడుద్దామని వచ్చినా. ఈ మోతలో నాకు ఏడుపెట్టా వస్తాది?"

జనం గొల్లుమన్నారు. మాస్టారి ముఖం మాత్రం పాలిపోయింది.

"ఏం వాయించమంటావమ్మా?"

"అప్పగింతల పాట. నీ గొట్టం ఏదీ?"

క్లారినెట్ ఆయన తేలేదు. ఆ పాటనే గిటారు మీద ఎత్తుకున్నాడు, మెల్లగా, ఒక్కో తీగను సాగదీస్తూ. కార్నెట్ కూడా ఆగిపోయింది. పోలమ్మ మనవరాల్ని పట్టుకుని భోరుమంది. ఎప్పుడు అందుకున్నాడో, మస్తాను పుల్లలు డ్రమ్ము మీద చినుకుల్లా పడుతున్నాయి.

అవ్వ ముక్కు చీది, "ఏడ్చినాలే. అయినా బాగలేదు," అంది.

"స్పీడు పెంచు మాస్టారూ!" అన్నారు కుర్రవాళ్లు.

ఆయన పెంచాడు. అత్తారిల్లు చేరేదాకా పోలమ్మ బండి పక్కనే, సరిగ్గా హారన్ కిందే నడుస్తూ తిట్టింది.

చేపల పులుసు భోజనం దగ్గర మాస్టారు భయంభయంగా అడిగాడు. "మస్తానూ, మరి నీ సంగతేంది?"

"ఆ చప్పుడు నాకు నచ్చలేదన్నా. కానీ తీగ చేతికొస్తే నువ్వు పరిగెత్తిపోతుండావు. నేను లేకుంటే నిన్ను తాళంలో పట్టేదెవరు?"

మాస్టారు పులుసు చేత్తోనే అతని భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఆ కోటు మరక చాకిరేవుకు కూడా లొంగలేదని మస్తాను ఏడాదంతా చెప్పుకున్నాడు.

తర్వాత కొన్ని ఊళ్లు మాస్టారిని పిలవడం మానేశాయి, కొన్ని కొత్తగా పిలిచాయి. కొందరైతే "గిటారు సగం దూరం, గొట్టం సగం దూరం" అని బేరం పెట్టారు. ఆయన దానికీ ఒప్పుకున్నాడు.

మైకు పనిలో ఎవరో ఒకరు వచ్చి తిట్టని రోజు ఉండదు. అంతకుముందు తిట్టు వినగానే సౌండు తగ్గించేవాణ్ణి. జువ్వలదిన్నె తర్వాత తిట్టే నోటికంటే ముందు కాళ్లు ఎటు నడుస్తున్నాయో చూడడం నేర్చుకున్నాను. ఆ సాయంత్రం ఊళ్లో సగంమందికి ఆ చప్పుడు నచ్చలేదు. కానీ ఊరేగింపు మధ్యలో ఒక్కరూ ఇంటికి పోలేదు.