లాప్‌టాప్‌లో కనపడ్డ మిరప కూలీలు

సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, ఈ రోజు మా ఇంట్లో గుండిగెడు అన్నం మిగిలిపోయింది.

పీహెచ్‌డీ చేస్తున్న మా మేనకోడలు, ఒంట్లో కణాలు గుంపుగా కదిలి గాయాన్ని ఎలా పూడుస్తాయో లాప్‌టాప్‌లో చుక్కలతో నడిపించి చూస్తోంది. మిరపకాయ కోతకు కూలీలు దొరకక తిరుగుతున్న మా బావ ఆ చుక్కలు చూసి నన్నడిగాడు.

"ఏందిరా ఇవి?"

"ఉపగ్రహంలోంచి కనపడే కూలీలు బావా. బూర్గంపాడు దాటిన్రు. ముందు నడిచేటోడు మేస్త్రి."

"మరి గా ఒక్కడు ఆగిండేంది?"

"బీడీ ముట్టిస్తున్నడు."

బావ ఉరికిపోయి ముఠా మొత్తానికి అన్నం వండించాడు. సాయంత్రానికి తెరమీద గాయం పూడింది. చేలో కాయ మాత్రం చెట్టు మీదే ఉంది.

ఇందులో ఒక్క బావే కల్పితం. చేను నాది. ఆ మాటలు చెప్పింది మేనకోడలు, నమ్మింది నేను. నవ్వేవాళ్లు ఇంటికొచ్చి, అన్నం తిని నవ్వండి.