గుండె బొమ్మ చెయ్యమన్నారు

నేను బీదర్‌లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. ఎవరైనా తోసుకొస్తారన్న భయంతో పొద్దంతా నీళ్లు తాగేవాళ్లం కాదు. నా పక్కన కూర్చునే స్నేహితురాలు మూత్రంలో మంట, జ్వరంతో వారం రోజులు బడికి రాలేదు.

ఆ నెలలోనే మా బడిలో ఆరోగ్య సమస్యలకు పరికరాలు తయారుచేసే పోటీ పెట్టారు. మేమిద్దరం ఒక గడియకు స్విచ్చు బిగించాం. లోపల గడియ పెడితే బయట ఎర్ర బల్బు వెలుగుతుంది.

హెడ్‌మాస్టరు దాన్ని చూసి ముఖం చిట్లించారు. "పెద్దవాళ్లు వస్తారు, బడి పరువు పోతుంది. గుండె బొమ్మ చెయ్యండి," అన్నారు కన్నడలో.

"మా గుండెలు మంచిగనే ఉన్నయి సార్. నీళ్లు తాగుడే అయితలేదు," అంది నా స్నేహితురాలు, కోపంలో తెలుగులోనే.

పోటీ రోజు మా బల్లను మూలకు జరిపారు. న్యాయనిర్ణేతగా వచ్చిన డాక్టరమ్మ అక్కడికీ వచ్చి, "దీన్ని ఎక్కడ పెడతారు?" అని అడిగింది. నేను ఆమెను నేరుగా మరుగుదొడ్డి దగ్గరికి తీసుకెళ్లి తలుపు చూపించాను.

బహుమతి రాలేదు. మరునాడు హెడ్‌మాస్టరు, డాక్టరమ్మకు ఆ తలుపు చూపించినందుకు క్షమాపణ రాసిమ్మన్నారు. మేం రాయలేదు. అమ్మను పిలిపించారు.

"తప్పు చేస్తే రాసిస్తరు సార్. ఏం తప్పు చేసిన్రో మీరే చెప్పండ్రి," అంది అమ్మ.

ఆ సాయంత్రం మేమిద్దరం ఎవరినీ అడగకుండా, స్క్రూడ్రైవరుతో మా గడియను ఆ తలుపుకే బిగించాం.