గ్రీకు పెద్దమనిషికి మా ఇంటి తోడు

చెంచాడు పెరుగు ఒక పిల్ల చదువును ముంచగలదంటే మీరు నమ్మరు. నేనూ నమ్మేదాన్ని కాదు. మునిగిపోవడానికి ఎంత చేరువదాకా వెళ్ళి ఆగిందో కళ్ళారా చూశాను గనక రాస్తున్నాను. నవ్వదలచినవాళ్ళు నవ్వండి. నేను మాత్రం నవ్వకుండానే చెబుతాను.

నేను చదివింది ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు. మా అమ్మాయి వసంత, అల్లుడు జర్మనీలో కొలోన్ అనే ఊళ్ళో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తారు. నేను వచ్చినప్పటినుంచి వాళ్ళ వంటిల్లు నాది. ఇంట్లో రెండు కట్టుబాట్లు పెట్టాను. ఫ్రిజ్‌లో తోడు లేకుండా తెల్లవారకూడదు. మనిషి లేని గదిలో హైట్సుంగు నడవకూడదు. హైట్సుంగు అంటే గది వెచ్చగా ఉండడానికి గోడకు బిగించిన ఇనప పెట్టెలాంటిది. దాని మర తిప్పి ఆర్పకుండా నేను ఏ గదిలోంచీ బయటికి రాలేదు. డాక్టరుగారి గదిలోంచి కూడా రాలేదు. ఆయన లోపలే ఉన్నారని తర్వాత తెలిసింది.

ఇక మనవరాలు మైత్రి. అందరి పిల్లలూ కంప్యూటర్లు చదువుతుంటే ఇది వేరే దారి పట్టింది.

"అసలేం చదువుతున్నావే?" అని ఒకనాడు బెండకాయలు తరుగుతూ నిలదీశాను.

"పాతకాలపు గ్రీకు ఫిలాసఫీ అమ్మమ్మా. తర్వాత ఇక్కడి మఠాల్లో సన్యాసులు దాని మీద రాసినవి. ప్రకృతిలో ఒకటి పుట్టడమంటే ఏమిటి అని."

"అది తెలియకే ఇంతమందిమి పుట్టామా?"

"అబ్బా, విను. ప్రతిదానికీ పదార్థం ఒకటి, రూపం ఒకటి. మట్టి పదార్థం. ఆ మట్టిని కుండ చేసేది ఏదుందో అది రూపం."

"సరే, కుండ తెలుసు."

"బిడ్డకు పదార్థం అమ్మ ఇస్తుంది, రూపం నాన్న ఇస్తాడు అని ఒక గ్రీకు పెద్దమనిషి చెప్పాడు. అంజూరపు కాయ రసం పడితే పాలు గడ్డకడతాయి కదా, అలాగట. రసం పాలను కదిలిస్తుంది, రూపం తెస్తుంది. అంతే, తాను అందులో కలవదు."

కత్తి పక్కన పెట్టాను. "అంటే తల్లి ఉత్త పాలగిన్నా?"

"యా. ఇంచుమించు అలాగే అన్నాడు."

"ఆయన ఇంట్లో ఒక్క పురుడన్నా జరగలేదా? కడుపున మోసింది మేము, కన్నది మేము, చివరికి గిన్నె అనిపించుకోవాలా? నీ మొండితనం మీ నాన్నిచ్చాడనుకుంటున్నావా?"

"కాదులే. అది నీది," అంది పిల్ల.

మళ్ళీ బెండకాయలు తరుక్కున్నాను.

ఇంతలో అసలు గండం వచ్చింది. మైత్రి తన విద్యాలయంలో పరిశోధనకు చోటు అడిగింది. దొరకాలంటే పెద్దల ముందు ప్రసంగం చెయ్యాలి. దొరకకపోతే నోరెత్తకుండా కంప్యూటర్ కోర్సులో చేరతానని వాళ్ళ నాన్నకు మాటిచ్చింది. ప్రసంగంలో ఆ గ్రీకాయన చెప్పినట్టే అందరి ముందూ పాలు గడ్డకట్టించి చూపిస్తుందట. అందుకోసం బాల్కనీలో ఉన్న అంజూరపు మొక్కకు పండకుండా మిగిలిన పచ్చికాయలు గిల్లి, కారిన తెల్లటి రసాన్ని ఒక బుల్లి సీసాలో పట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. ఇదంతా నాతో చెప్పిందా? చెప్పలేదు. ఇప్పటికీ ఆ సంగతి దానికి గుర్తు చేస్తూనే ఉంటాను.

ప్రసంగం రోజు పొద్దున్నే ఫ్రిజ్ తీశాను. సీసా కనిపించింది. అడుగున కాస్త తెలుపు, కాస్త పసుపు. వాసన చూస్తే ఆకు పసరు కంపు. ఇక్కడి మన తెలుగువాళ్ళలో ఒక పద్ధతుంది. ఒకరింట్లో తోడు అయిపోతే ఇంకొకరు బుల్లి సీసాలో పోసి పంపుతారు. మైత్రి స్నేహితురాలెవరో తోడు అడిగి ఉంటుంది, ఈ వెర్రిది సీసాలో పెట్టి పాడుచేసుకుంది అనుకున్నాను. చెడిపోయిన తోడు పంపితే పోయేది ఎవరి పరువు? పారబోశాను. సీసా వేణ్ణీళ్ళతో కడిగాను. మన పెరుగు చెంచాడు పాలల్లో పలచగా కలిపి పోసి, ఉన్నచోటే పెట్టాను. మంచిపని చేసి చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. చెప్పుకునే అలవాటు ఉంటే అందరికీ బాగుండేది.

"అమ్మమ్మా, నువ్వూ రా. కానీ మాట్లాడొద్దు, బిట్టే," అంది మైత్రి. బిట్టే అంటే ఇక్కడివాళ్ళ భాషలో దయచేసి అని. వెళ్ళాను. తలుపు పక్కన, హైట్సుంగు వెచ్చగా తగిలే కుర్చీలో కూర్చున్నాను. ఎదుట పెద్ద ప్రొఫెసరమ్మ. నెరిసిన జుట్టు, మెడకు ఊలు శాలువా, ముఖాన నవ్వు అన్నది లేదు. చూడగానే మనసుకు నచ్చింది.

మైత్రి గోరువెచ్చని పాలు గాజుగిన్నెలో పోసింది. సంచీలోంచి సీసా తీసింది. ఆ సీసాను చూడగానే నాకు తట్టింది, పొద్దున నేను పారబోసింది తోడు కాదు, ఆ గ్రీకాయన అంజూరపు రసం. కంగారులో పిల్ల లోపల ఏముందో చూడనే లేదు. మొత్తం వంచేసింది. జర్మన్‌లో జోరుగా మాట్లాడుతోంది. గిన్నెలో పాలు మాత్రం పాలలాగే ఉన్నాయి. మళ్ళీ మాట్లాడింది. మళ్ళీ చూసింది. పాలు. ప్రొఫెసరమ్మ లేచి వచ్చి, గిన్నెలోకి వంగి, ఏదో ఒక్క మాటంది. పిల్ల ముఖం పాలకన్నా తెల్లబడింది.

"ఏమందే?" అన్నాను, మాట్లాడొద్దన్న మాట మరిచి.

"ఇక్కడ పదార్థం మాత్రమే కనిపిస్తోంది అంది."

లేచి నిలబడ్డాను. "పిల్ల తప్పేం లేదమ్మా. రసం నేను పారబోశాను. అందులో ఉంది మా ఇంటి తోడు."

గదిలో ఒక్కరికీ అర్థం కాలేదు. అర్థమైన ఒక్కతే నోరు తెరిచి నన్ను చూస్తోంది.

"చెప్పు వాళ్ళకి," అన్నాను.

"నేనా? నీ నేరం నేను చెప్పాలా?"

"మరి నాకు జర్మన్ వచ్చా?"

నేను చెప్పింది రెండు ముక్కలు. అది చాలాసేపు చెప్పింది. మధ్యమధ్య అందరూ నా వైపు తిరిగి చూశారు. ఏమేం కలిపి చెప్పిందో ఇప్పటికీ తెలియదు. ప్రొఫెసరమ్మ అంతా విని, మైత్రి చేత నన్నే అడిగించింది: "అయితే ఇది ఎప్పటికి గడ్డకడుతుంది?"

"రేపు పొద్దుటికి. ఎవరూ కదపకూడదు. వెచ్చగా ఉండాలి."

ఆవిడ మెడలోని శాలువా తీసి గిన్నెకు చుట్టింది. రేపు ఉదయం ఇద్దరినీ రమ్మంది. తీర్పు అప్పుడేనట. అందరూ వెళ్ళిపోయారు. చివర నేను బయటికి వచ్చాను.

మర్నాడు వెళ్ళి తలుపు తీస్తే గదిలోంచి చలి ఎదురొచ్చింది. శాలువా విప్పారు. పైన మీగడలా కాస్త బిగిసింది, కింద అంతా నీళ్ళు. అది పాలూ కాదు, పెరుగూ కాదు. ప్రొఫెసరమ్మ హైట్సుంగు వైపు చూసింది. దాని మర సున్నా దగ్గర ఉంది. మైత్రి నా వైపు చూసింది.

"అమ్మమ్మా."

"అలవాటే," అన్నాను.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నిటారుగా నిలబడి జర్మన్‌లో మొదలుపెట్టింది. కాగితం చూడలేదు, మాటకు తడుముకోలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ట్రాములో తెలుగులో చెప్పింది ఏమందో. పదార్థం ఉంది, దాన్ని కదిలించేదీ ఉంది. కానీ ఆ గ్రీకాయన దృష్టిలో వేడి దాని చేతి పనిముట్టు. పనిముట్టు లాగేసుకుంటే వడ్రంగి కూడా సగం కుర్చీనే చేస్తాడు. అందుకే ఈ గిన్నెలో పుట్టుక సగంలో ఆగింది అందట.

"అయితే ఇది సగం పెరుగా? లేక పెరుగు కాబోతున్న పాలా?" అని ప్రొఫెసరమ్మ పట్టుకుందట.

"మఠాల్లో వాళ్ళు దాని మీదే కొట్టుకున్నారు. నాకు చోటిస్తే దాని మీదే రాస్తాను," అందట ఇది.

ఆ మొండితనం ఎవరిదో మీకు ముందే చెప్పాను.

చోటిచ్చారు. ప్రొఫెసరమ్మ మైత్రికి చెయ్యి కలిపి, నా వైపు చూసి, నవ్వకుండా ఒక మాటంది. మైత్రి తెలుగులో చెప్పడానికి కాసేపు పట్టింది, నవ్వు ఆగితే కదా.

"ఇకమీదట మీ అమ్మమ్మను పిలువు. కానీ తలుపు పక్కన కూర్చోబెట్టకు."

కాబట్టి ఇందుమూలంగా అందరికీ తెలియజేసేదేమంటే: పరాయివాళ్ళ హైట్సుంగు మర జన్మలో ముట్టను. ఫ్రిజ్‌లో ఏ తెల్లటిది కనిపించినా, దాన్ని పెట్టినవాళ్ళను అడగనిదే పారబొయ్యను. ఈ ఒట్టును ఇంతవరకూ తీసి గట్టున పెట్టలేదు.

ఇంట్లో హైట్సుంగు ఒట్టులోకి రాదు. ఇప్పుడే మైత్రి గదిది ఆర్పి వచ్చాను. లోపల కూర్చుని రాసుకుంటోంది. శాలువా ఇచ్చాను.