ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్

సూళగిరి నుంచి అమ్మను నెలనెలా తీసుకెళ్ళే ఆసుపత్రిలో మందులిచ్చే ఆయన ఒకడుండేవాడు. ఏమడిగినా రెండు అరచేతులూ పైకి తిప్పి, "నా చేతిలో ఏముందప్పా?" అనేవాడు. ఆ శుభ్రమైన చేతులు తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

ఒకసారి అమ్మ మందుల చీటీకి గడువు తీరిపోయింది. కొత్తది రాయాల్సిన డాక్టరు సెలవులో ఉన్నాడు. ఇంట్లో ఇన్సులిన్ అయిపోయింది. బయటి మందుల అంగళ్ళలోనూ పాత చీటీకి ఇవ్వం అన్నారు. ఆసుపత్రిలో మేం బతిమాలుతుండగానే ఆ మందులిచ్చే ఆయన మజ్జిగ సీసా కోసం ఫ్రిజ్ తెరిచాడు. లోపల ఇన్సులిన్ పెట్టెలు వరుసగా ఉన్నాయి.

"మందు ఆడే ఉంది కదప్పా," అంది అమ్మ.

"ఉందమ్మా. సంతకం లేదే! సోమవారం రాండి," అంటూ మజ్జిగ తాగాడు.

"ఇంకో డాక్టరుతో రాయించేదానికి అయితాదా?" అన్నాను. మళ్ళీ అరచేతులు తిప్పాడు.

ఆదివారం అమ్మ వాంతులు చేసుకుని స్పృహ తప్పింది. కృష్ణగిరికి తీసుకెళ్ళి చేర్చాం. ఎలాగో బతికి బయటపడింది.

కొత్త చీటీతో వెళితే ఆయన ఇన్సులిన్ చేతిలో పెట్టి, "ఎండలో పెట్టొద్దప్పా, చెడిపోతాది," అని ఎంతో ప్రేమగా జాగ్రత్త చెప్పాడు. అమ్మ ఎలా ఉందని అడగలేదు. గేటు దాటగానే ఉమ్మేశాను.