వండని సేమ్యా

నా చిన్నప్పుడు మాచర్లలో మా ఇంటికీ పక్కింటికీ నడుము ఎత్తు నాపరాళ్ల గోడ ఒకటే అడ్డం. పక్కింటాయన ఎడ్ల కాళ్లకు లాడాలు కొట్టే సాయిబు. మాది వ్యవసాయం కాబట్టి మా ఎడ్లు ఆయన చేతి కిందికే వెళ్లేవి. ఆయన భార్యను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆవిడ మా నాయనమ్మను పెద్దమ్మా అనేది. పొద్దున్నే ఇద్దరూ గోడకు చెరో వైపు నిలబడి మాట్లాడుకోకపోతే ఆ రోజు పని మొదలైనట్టే ఉండేది కాదు. నాయనమ్మ మాత్రం గోడకు ఒక మూర దూరంలో నిలబడేది. తాతయ్య పోయినప్పటి నుంచి ఆవిడకు మడి. తన పొయ్యి వేరు, తన గిన్నెలు వేరు, మా అమ్మ తగిలినా మళ్లీ స్నానమే.

నాకు తొమ్మిదేళ్లప్పటి మాట ఇది. రంజాను నెలలో అత్త గోధుమపిండి ముద్దను చేతుల మధ్య నులిమి, దారంలా సాగదీసి సేమ్యా చేసేది. వాటిని కర్రల మీద ఆరేస్తే కాకులు రాకుండా కాపలా కాసింది నేనే. రోజంతా ఎండలో కూర్చుని, పండగ నాడు నాకు రావలసిన పాయసం ఎంత పెద్ద గిన్నెలో వస్తుందో ఊహించుకున్నాను. ఆశ విషయంలో నేను ఎవరికీ తీసిపోయేదాన్ని కాదు.

పండగ రోజు వచ్చింది. అత్త కూతురు కొత్త బట్టలు కట్టుకుని, మూత పెట్టిన గిన్నెలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతోంది. పక్కనుంచి పోతుంటే నేతి వాసన. నేను మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చివరికి ఆ పిల్ల మా ఇంటికి వచ్చి నా చేతిలో ఒక ఇత్తడి పళ్లెం పెట్టింది. దానిలో పచ్చి సేమ్యా కట్ట, బెల్లం, ఖర్జూరాలు, ఎండుకొబ్బరి చిప్ప ఉన్నాయి. వండింది ఏమీ లేదు.

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో వండకుండా చేటలో పోసి ఇచ్చేది ముష్టికి వచ్చిన వాళ్లకే. బియ్యమో జొన్నలో పోసి గుమ్మంలో నుంచే పంపేస్తాం. అందరికీ పాయసం పంచి మాకు పచ్చి సరుకు ఇచ్చారంటే మమ్మల్ని వాళ్లలో జమకట్టారన్నమాట అనుకున్నాను. అంతకన్నా ఆలోచించే ఓపిక నాకు లేదు. పళ్లెం ఎత్తుకుని గోడ చుట్టూ తిరిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. చుట్టాలు నిండుగా ఉన్నారు. వాళ్లందరి ముందు పళ్లెం కింద పెట్టి, "మేమేం అడుక్కునేవాళ్లం కాదు. మీ పళ్లెం మాకొద్దు," అన్నాను.

అత్త కోప్పడలేదు. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చి, మెల్లగా ఒకే మాట అడిగింది. "నాయనమ్మ తిప్పి పంపమందా తల్లీ?"

చిన్నపిల్లను ఎవరు ఖాతరు చేస్తారు? నా మాటకు బరువు రావాలని, అవునని తల ఊపాను. ఈ వయసులో కూడా ఆ తల ఊపు గుర్తొస్తే సిగ్గేస్తుంది. తెలియక అన్న మాటకు మన్నింపు ఉంటుందేమో, తెలిసి ఆడిన అబద్ధాన్ని ఏమనాలి?

అవి ఎలాంటి రోజులో నాకప్పుడు తెలియదు. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కాలేదు. కృష్ణకు అవతల నిజాం ఇలాకాలో గొడవలై, జనం ఏరు దాటి మా వైపు చుట్టాల ఇళ్లకు వస్తున్నారు. వాళ్లు చెప్పినవి విని ఇక్కడి అరుగుల మీద మగవాళ్లు సాయిబులందరినీ కలిపి ఏవేవో అనేవారు. పక్కింటి సాయిబు వినేటట్టే అనేవారు. అప్పటిదాకా పలకరించిన వాళ్లలో కొందరు పలకరించడం మానేశారు. అత్తకు మిగిలిన ధైర్యం మా నాయనమ్మ. నేను తల ఊపడంతో అదీ పోయింది. ఆవిడ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటాక నాయనమ్మ స్నానం చేసి, తన పొయ్యి అలికి, ముగ్గు వేసి కూర్చుంది.

"ఏమే, పక్కింటి నుంచి పళ్లెం రాలేదా ఇంకా?"

నేను చేసిన ఘనకార్యం గొప్పగా చెప్పాను. తల ఊపిన సంగతి కూడా చెప్పాను. నాయనమ్మ నన్ను కొట్టలేదు.

"ఎంత పని చేశావే! అది పచ్చిగా పంపేది మనల్ని తక్కువ చేసి కాదు. వండి పంపితే నేను తినలేనని. నా మడి కోసం ఆ పళ్లెం వేరే కొని, వేరే పెట్టింది. తలారా పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని సర్దుద్ది. ఏటేటా శనగపప్పేసి నేను చేసిపెడితే గిన్నె నాకింది నువ్వే కదటే?"

నిజమే. నేను ప్రతి ఏడూ తిన్న పాయసం అదే. ఎక్కడి నుంచి వచ్చిందో ఏనాడూ అడగలేదు.

నాయనమ్మ నా రెక్క పట్టుకుని, మడి బట్టతోనే వీధిలోకి నడిచింది. నాకు తెలిసి ఆ గడప తొక్కడం అదే మొదలు. వాకిట్లో నిలబడి అందరికీ వినపడేలా, "నేను పంపలేదే తల్లీ! ఈ పిల్ల కూసిన కూత అది. నా పళ్లెం నాకియ్యి," అని చేతులు చాచింది. అత్త కళ్లనిండా నీళ్లు. "పిల్ల కదా పెద్దమ్మా, పోనీండి," అంటూనే నాయనమ్మకు తగలకుండా పళ్లెం అరుగు మీద పెట్టింది. అంత దుఃఖంలోనూ ఆవిడ మడి మరవలేదు. తర్వాత ఒక గిన్నె తెచ్చి నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ తల ఊపింది. నేను నెలంతా కలలు కన్న పాయసం నా ముందుకు వచ్చింది. రెండు గుక్కలు తాగి గిన్నె అరుగు మీద పెట్టేశాను.

అంతటితో సర్దుకుందనుకున్నాను. మళ్లీ గోడ దగ్గర మాటలు సాగాయి. కానీ మరుసటి ఏడు రంజాను నెల చివర అత్త గోడ దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, ఈ ఏడు పళ్లెం పంపనా?" అని అడిగింది. నాయనమ్మ చటుక్కున తలెత్తి, "అదేం మాటే? పంపు," అంది. ఆ పై ఏడూ అడిగింది. నాయనమ్మ పోయేదాకా, ఏటేటా పండగకు ముందు అడుగుతూనే ఉంది. నాయనమ్మ ప్రతిసారీ అదే జవాబు చెప్పేది. నేను మాత్రం ఆ సమయానికి పని కల్పించుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని.

పెద్దయ్యాక క్షమించమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. నాకు పెళ్లయింది, వాళ్లు ఊరు మారారు, అడగనే లేదు. ఇప్పుడు ఎవరి పద్ధతైనా నాకు వింతగా తోచినా, నన్ను చిన్నబుచ్చినట్టు అనిపించినా, ముందు వాళ్లనే అడిగి తెలుసుకుంటాను. ఆ రోజు అడగవలసింది నేను. నేను అడగకపోవడం వల్ల, ఆ తర్వాత అన్నేళ్లూ ఆవిడ అడగవలసి వచ్చింది.