నూరి దాచిన మాట

పక్కింట్లో రోట్లో గోంగూర నూరుతున్నారు. మధురానగర్‌లో మా వీధిలో ఇంకా రోలు వాడే ఇల్లు అదొక్కటే. ఆ చప్పుడు వింటే అందరికీ ఆకలేస్తుందేమో, నాకు మాత్రం యాదగిరి సార్ గుర్తొస్తారు.

తొంభైల్లో ఫిలింనగర్‌లోని ఒక సినిమా ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత ఆయనది. నేను ఆయన కింద కొత్తగా చేరిన ఆపరేటర్ని. కథలన్నీ అందరం కలిసి వాడే ఒక పెద్ద కంప్యూటర్‌లో, యూనిక్స్ మిషన్‌లో ఉండేవి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకునేవారు. ఇదేం చాదస్తం అని నవ్వుకునేదాన్ని.

ఒకరోజు మా సినిమా క్లైమాక్స్ పత్రికలో అచ్చయింది. ఆ కథ ఉన్నది నిర్మాతగారి ఖాతాలో. ఆయన ఆ పత్రికను యాదగిరి సార్ బల్లమీద విసిరికొట్టి నన్ను చూపించారు.

"పాస్‌వర్డులన్నీ ఈ అమ్మాయి దగ్గరే కదండీ ఉండేది! రేపట్నుంచి రావద్దని చెప్పండి."

ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. దొంగన్న పేరు పడితే ఫిలింనగర్‌లో ఎవరు గేటు తీస్తారు?

"జర ఆగుండ్రి సార్," అంటూ యాదగిరి సార్ తెరమీద పాస్‌వర్డుల ఫైలు తెరిచారు. ప్రతి పేరు పక్కనా అర్థంపర్థం లేని అక్షరాలు. "ఇందుల మీ పాస్‌వర్డ్ మాట ఏదో చూపించుండ్రి. మిషన్ దాన్ని నూరి పెట్టుకుంటది. పచ్చడిలకెల్లి మల్ల ఆకు తీస్తమా? మీరు కొట్టినప్పుడల్లా మల్ల నూరి, రెండూ ఒక్కటేనా అని చూస్తది. మిషన్‌కే తెల్వని మాట గీ పిల్లకెట్ల తెలుస్తది?"

"మరి కథ బయటికి ఎలా పోయిందంటారు?" అన్నారు నిర్మాతగారు.

సార్ తోచిన మాటలన్నీ నూరించి పోల్చి చూశారు. సినిమా పేరు దగ్గర నిర్మాతగారిది కలిసింది. డైరెక్టర్‌గారిదీ అదే, మేనేజర్‌దీ అదే! మిషన్ ఒక్కొక్కరికి వేరే అక్షరాలు చిటికెడు ఉప్పులా కలిపి నూరుతుంది కాబట్టి ఫైల్లో మూడూ మూడు రకాలుగా కనిపించాయి, ఎవరికీ అనుమానం రాలేదు. ముహూర్తం నాటి నుంచి రోజూ క్లాప్‌బోర్డు మీద రాస్తున్న పేరది. యూనిట్‌లో ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు.

"కలిసొస్తుందని పెట్టుకున్నానండీ," అని గొణిగారు నిర్మాతగారు. తర్వాత నావైపు తిరిగి, "ఏమీ అనుకోకమ్మా," అన్నారు. అబ్బ, గుండెల మీది బండ దించినట్టయింది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇంకెవరూ తనలా పోల్చి చూడకుండా, ఆ సాయంత్రమే సార్ ఆ నూరిన అక్షరాలను కూడా తాను తప్ప ఎవరూ చూడలేని ఫైల్లోకి మార్చారు. పక్కనే నిలబడి అడిగాను.

"నువ్వు ఆ పాస్‌వర్డ్ చూశావా అని మీరు నన్ను ఒక్కసారైనా అడగలేదేంటి సార్?"

"అడిగితే నీ మనసు నొస్తది. మిషన్‌ను అడిగితే దానికేం నొస్తది?"

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఆఫీసులో ఏదైనా బయటికి పొక్కిందంటే అందరి కళ్లూ కొత్తగా చేరినవాళ్ల మీదకే పోతాయి. నేను కుర్చీ లాక్కుని, ముందు మిషన్‌ను అడుగుతాను.